శుక్లాల శస్త్రచికిత్స – కంటి పీడనం: కోనసీమలో తెలుసుకోవలసిన విషయాలు

(ప్రత్యేక వ్యాసం)

అమలాపురం: వయసు మళ్ళిన వారి చూపును హరించే వ్యాధులలో కంటి శుక్లానిది మొదటి స్థానం. శస్త్రచికిత్సతో పోయిన చూపును తిరిగి పొందగల వ్యాధులలోనూ దానిదే మొదటి స్థానం. అయితే శుక్లం తొలగించిన తరువాత కంటిలోని పీడనం ఏ విధంగా మారుతుంది, ఆ మార్పు ఎంతకాలం నిలుస్తుంది, ఏ దశలో అది ప్రమాదానికి దారితీస్తుంది అనే విషయాలపై ప్రజలలో తగినంత అవగాహన లేదు. కంటి పీడనం పెరిగి దృష్టినాడి దెబ్బతినడం వలన కలిగే నీటికాసుల వ్యాధి (గ్లకోమా)లో పోయిన చూపు ఏ చికిత్సతోనూ తిరిగి రాదు. శుక్లం తీసివేసి చూపు ఇచ్చిన కన్నే, పీడనాన్ని ఎవరూ గమనించకపోవడం వలన కొన్నేళ్ళకు మళ్ళీ చీకటిలోకి జారిపోయే అవకాశం ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన కోనసీమలో ఈ అంశాన్ని వైద్య సిబ్బంది, అధికారులు, పాత్రికేయులు సమగ్రంగా తెలుసుకోవలసిన అవసరం ఉన్నది.

కంటి పీడనం అంటే ఏమిటి?

కంటి ముందు భాగంలో నల్లగుడ్డుకు, కటకానికి మధ్య ఒక స్వచ్ఛమైన నీటిద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, కంటి లోపలనే పుట్టి లోపలి మార్గం గుండానే రక్తంలో కలిసిపోయే ద్రవం. నిమిషానికి సుమారు 2 నుండి 2.5 మైక్రోలీటర్ల చొప్పున ఇది ఉత్పత్తి అవుతుంది. నల్లగుడ్డు, కంటి రంగుపొర కలిసే మూలలో జల్లెడ వంటి సన్నని కణజాలం ఉన్నది. ద్రవంలో అధిక భాగం ఆ జల్లెడ గుండానే బయటకు పోతుంది. ఊరే ద్రవం, పోయే ద్రవం సమానంగా ఉన్నంత వరకు కంటి లోపలి పీడనం నిలకడగా ఉంటుంది.

ఈ పీడనాన్ని పాదరస మిల్లీమీటర్లలో కొలుస్తారు. సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల మధ్య ఉండే పీడనాన్ని మామూలు పీడనంగా పరిగణిస్తారు. అయితే 21 దాటిన ప్రతి ఒక్కరికీ నీటికాసుల వ్యాధి ఉన్నట్లు కాదు, 21 లోపు ఉన్న ప్రతి ఒక్కరూ సురక్షితులనీ కాదు. మామూలు పీడనంలోనే దృష్టినాడి దెబ్బతిన్న వారు భారతీయులలో తక్కువేమీ కాదు. నల్లగుడ్డు పలుచగా ఉన్నవారిలో యంత్రం అసలు కంటె తక్కువ పీడనాన్ని చూపుతుంది. అందువలన పీడనం కొలవడంతోపాటు కంటి వెనుక ఉన్న దృష్టినాడిని కూడా పరీక్షించినప్పుడే నిర్ధారణ పూర్తి అవుతుంది.

శుక్లానికి, పీడనానికి గల సంబంధం

వయసు పెరిగే కొద్దీ కంటిలోని సహజ కటకం మసకబారడమే కాక మందంగా కూడా మారుతుంది. శుక్లం వచ్చిన కటకం సాధారణంగా 4 నుండి 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇది రంగుపొరను ముందుకు నెట్టడం వలన ద్రవం బయటకు పోయే మూల ఇరుకవుతుంది. పుట్టుకతోనే కన్ను చిన్నదిగా ఉన్నవారిలో, దూరపు వస్తువులు చూడటానికి కూడా ప్లస్ పవర్ అద్దాలు అవసరమైన వారిలో, ముఖ్యంగా వయసు మీరిన స్త్రీలలో ఈ ఇరుకుదనం అధికం. మూల పూర్తిగా మూసుకుపోతే పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది.

శస్త్రచికిత్సలో ఈ మందపు కటకాన్ని తొలగించి, సుమారు ఒక మిల్లీమీటరు మందం గల కృత్రిమ కటకాన్ని అమర్చుతారు. దానితో రంగుపొర వెనుకకు జరిగి ముందు గది లోతు పెరుగుతుంది, మూల తెరుచుకుంటుంది, ద్రవం సులువుగా పోతుంది. శుక్లం తీసిన తరువాత పీడనం తగ్గడానికి ఇది ప్రధాన కారణం. మూల మొదటి నుండి తెరిచి ఉన్న కళ్ళలో కూడా కొంత తగ్గుదల కనిపిస్తుంది. కటకం తొలగిన తరువాత జల్లెడ కణజాలంపై పట్టు మారడం, శస్త్రచికిత్స సమయంలో ప్రసరించే ద్రవం ఆ జల్లెడను శుభ్రపరచడం ఇందుకు కారణాలు కావచ్చునని నేత్ర వైద్య నిపుణులు భావిస్తున్నారు.

అల్ట్రాసౌండ్ తరంగాలతో శుక్లాన్ని కరిగించి తీసే ఫేకో పద్ధతికి, ప్రభుత్వ శిబిరాలలోను, ధర్మాసుపత్రులలోను విస్తృతంగా అనుసరించే కుట్లు లేని చిన్న కోత పద్ధతికి ఈ విషయంలో పెద్ద వ్యత్యాసం లేదు. ఈ రెండు పద్ధతులను పోల్చుతూ అరవింద్ నేత్ర వైద్యశాల వైద్యులు నిర్వహించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో పీడనం తగ్గుదల రెండింటిలోను దాదాపు ఒకే విధంగా ఉన్నట్లు తేలింది. ఖరీదైన పద్ధతిలో చేయించుకుంటేనే మేలు జరుగుతుందన్న అభిప్రాయం పీడనానికి సంబంధించినంత వరకు సరికాదు.

“ముదిరితేనే ఆపరేషన్” అనే అపోహ

శుక్లం బాగా ముదిరిన తరువాతనే తీయించుకోవాలని పల్లెలలో నేటికీ నమ్మేవారు ఉన్నారు. కృత్రిమ కటకాలు అందుబాటులో లేని కాలంలో, కటకాన్ని మొత్తంగా తీసివేసి మందపాటి అద్దాలు ఇచ్చే రోజులలో ఈ మాటకు అర్థం ఉండేది. నేడు దానికి వైద్యపరమైన ఆధారం లేదు. పైగా, ఆగడం వలన పీడనపరంగా రెండు ప్రమాదాలు ఉన్నాయి.

మొదటిది, ముదిరిన కటకం నీరు పీల్చుకుని ఉబ్బి ద్రవమార్గాన్ని మూసివేయడం. రెండవది, బాగా ముదిరి ద్రవంగా మారిన శుక్లపు పదార్థం కటకపు సంచి నుండి బయటకు కారి జల్లెడను పూడ్చివేయడం. రెండు సందర్భాలలోను కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. పీడనం మామూలు కంటె రెండు మూడు రెట్లు పెరగవచ్చు. వాంతుల వలన దీనిని పైత్యమని, పార్శ్వపు నొప్పి అని పొరబడి రెండు మూడు రోజులు జాప్యం చేసిన పక్షంలో దృష్టినాడి శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆ తరువాత శుక్లాన్ని ఎంత నైపుణ్యంతో తీసినా చూపు రాదు. సార్వా కోతలు అయిన తరువాత, సంక్రాంతి వెళ్ళిన తరువాత, చలికాలం వచ్చిన తరువాత అని వాయిదా వేసుకునే కుటుంబాలకు ఈ విషయం స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. నేటి శస్త్రచికిత్సకు కాలంతో నిమిత్తం లేదు. నిత్యకృత్యాలకు చూపు అడ్డుపడుతున్నదంటే అదే తగిన సమయం.

తొలి 24 గంటలు

శస్త్రచికిత్స తరువాత పీడనం తగ్గుతుందన్నది దీర్ఘకాలపు మాట. తొలి గంటలలో జరిగేది తరచు ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. శస్త్రచికిత్స సమయంలో కంటి లోపలి పొరలను కాపాడటానికి జిగురు వంటి పదార్థాన్ని వాడతారు. చివరలో దానిని కడిగివేసినా కొంత మిగిలిపోయి జల్లెడకు అడ్డుపడవచ్చు. అందువలన కొన్ని గంటలలోనే పీడనం పెరిగి, సాధారణంగా ఒక రోజులో దానంతట అదే తగ్గిపోతుంది.

ఆరోగ్యకరమైన దృష్టినాడి ఈ తాత్కాలిక పెరుగుదలను తట్టుకోగలదు. అప్పటికే నీటికాసుల వ్యాధితో నాడి అధికంగా దెబ్బతిన్న వారికి మాత్రం ఈ ఒక్క రాత్రి కూడా ప్రమాదకరమే. అటువంటి వారికి శస్త్రచికిత్స రోజుననే పీడనం తగ్గించే మాత్రలు లేదా చుక్కలు ఇవ్వడం వైద్యుల ఆనవాయితీ. అయితే ఆ వ్యక్తికి నీటికాసుల వ్యాధి ఉన్నదని ముందే తెలిసినప్పుడే అది సాధ్యం. శస్త్రచికిత్సకు ముందు పీడన పరీక్ష తప్పనిసరి కావడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

కట్టు విప్పే మరునాటి పరీక్షలో చూపుతోపాటు పీడనాన్ని కూడా గమనించవలసి ఉన్నది. నల్లగుడ్డు వాచి ఉన్నప్పుడు కొలత కచ్చితంగా రాకపోవచ్చు కనుక, అనుమానం ఉన్నచోట మరల కొలవడం అవసరం. తొలి రోజులలో నొప్పి తగ్గక పెరుగుతూ ఉన్నా, వచ్చిన చూపు మసకబారుతూ ఉన్నా అది పీడనం వలన కావచ్చు, కంటి లోపలి సంక్రమణ వలన కావచ్చు. ఈ రెండూ అత్యవసర పరిస్థితులే. మరునాటి వరకు వేచి ఉండరాదు.

రెండు నుండి ఆరు వారాలు: స్టెరాయిడ్ చుక్కల ప్రభావం

శస్త్రచికిత్స అనంతరం వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కల మందును కొన్ని వారాలపాటు క్రమంగా తగ్గిస్తూ వాడతారు. ఇది అవసరమైన మందు. అయితే జనాభాలో సుమారు మూడవ వంతు మందిలో ఈ చుక్కలను వారాల తరబడి వాడితే కంటి పీడనం ఒక మోస్తరుగా పెరుగుతుంది. నూటికి సుమారు ఐదుగురిలో పెరుగుదల చాలా తీవ్రంగా ఉంటుంది. నీటికాసుల వ్యాధి ఉన్నవారు, వారి రక్తసంబంధీకులు, మధుమేహం ఉన్నవారు, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారు ఈ ప్రమాదానికి అధికంగా లోనవుతారు.

ఈ పెరుగుదల సాధారణంగా చుక్కలు మొదలుపెట్టిన రెండు నుండి ఆరు వారాల మధ్య కనిపిస్తుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు బాగున్నదన్న సంతోషంలో రోగి ఆసుపత్రికి రావడం మానివేసే సమయం కూడా అదే. నిర్ణయించిన మేరకు మందు ఆపివేస్తే చాలామందిలో పీడనం తిరిగి మామూలు స్థితికి చేరుతుంది. ఆపకుండా కొనసాగించిన వారిలోనే అసలు సమస్య తలెత్తుతుంది.

పాత చీటీ చూపించి, ఖాళీ సీసా చూపించి మందుల దుకాణంలో అవే చుక్కలను మళ్ళీ మళ్ళీ కొనుక్కోవడం, కన్ను ఎర్రబడినప్పుడు ఇంట్లో మరొకరికి కూడా వేయడం గ్రామాలలో తరచు కనిపించే అలవాటు. పొలంలో వరి పొట్టు పడి కన్ను గీరుకున్నప్పుడు ఈ చుక్కలు వేస్తే పీడనం మాట అటుంచి, నల్లగుడ్డుపై పుండు ముదిరి కన్నే పోవచ్చు. స్టెరాయిడ్ కంటి చుక్కలు వైద్యుల చీటీపై మాత్రమే విక్రయించవలసిన ఔషధాలు. ఈ నిబంధన అమలుపై ఔషధ తనిఖీ అధికారులు దృష్టి సారించడం అంధత్వ నివారణలో భాగమేనని గుర్తించవలసి ఉన్నది.

మూడు నెలల నుండి మూడేళ్ళ వరకు

చుక్కలు ఆపివేసి, కన్ను పూర్తిగా మానిన తరువాత నమోదయ్యే పీడనమే శస్త్రచికిత్స వలన కలిగిన అసలు మార్పును తెలుపుతుంది. ఈ విషయంపై అంతర్జాతీయంగా జరిగిన అధ్యయనాలు మూడు ముఖ్యమైన అంశాలను వెల్లడించాయి.

మొదటిది, పీడనం ఎంత అధికంగా ఉంటే తగ్గుదల అంత అధికంగా ఉంటుంది. 588 కళ్ళను పరిశీలించి 2008లో అమెరికా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, ముందు 23 నుండి 31 మిల్లీమీటర్లు ఉన్న కళ్ళలో సగటున 6.5 మిల్లీమీటర్ల తగ్గుదల నమోదయింది. 15 నుండి 17 వరకు ఉన్న కళ్ళలో ఇది 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. 14 లోపు ఉన్న కళ్ళలో తగ్గుదల లేదు.

రెండవది, తగ్గుదల కొన్నేళ్ళపాటు నిలుస్తుంది. పీడనం అధికంగా ఉండి నాడి ఇంకా దెబ్బతినని వారిపై అమెరికాలో జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో భాగంగా, పీడనానికి ఏ మందూ వాడకుండా శుక్లం తీయించుకున్న 42 మందికి చెందిన 63 కళ్ళను పరిశీలించారు. 2012లో ప్రచురించిన ఈ ఫలితాల ప్రకారం సగటు పీడనం 23.9 నుండి 19.8 మిల్లీమీటర్లకు తగ్గింది. అనగా సుమారు ఆరవ వంతు. ఈ తగ్గుదల కనీసం మూడు సంవత్సరాలు కొనసాగింది. అయితే ఐదవ వంతు లేదా అంతకు మించిన తగ్గుదల కనిపించినవి 100 కళ్ళలో 40 మాత్రమే. మిగిలిన 60 కళ్ళలో ఆ మేరకు ప్రయోజనం కలగలేదు. సగటు లెక్క ఒక వ్యక్తి విషయంలో హామీ కాదనడానికి ఇది నిదర్శనం.

మూడవది, ద్రవమార్గం మూసుకుపోయే తరహా కళ్ళలో ప్రయోజనం అత్యధికం. 419 మందిపై పలు దేశాలలో జరిగి 2016లో వెలువడిన ఈగిల్ అధ్యయనంలో, ఈ తరహా వ్యాధి గల 50 ఏళ్ళు పైబడిన వారిలో సగం మందికి కటకం తొలగించారు, మిగిలిన సగం మందికి ఆనవాయితీగా చేసే లేజర్ చికిత్స చేశారు. మూడేళ్ళ తరువాత సగటు పీడనం కటకం తొలగించిన వారిలో 16.6, లేజర్ చేసిన వారిలో 17.9 మిల్లీమీటర్లుగా ఉన్నది. అంతకంటె ముఖ్యంగా, పీడనం తగ్గించే మందులు వాడవలసిన వారు కటకం తొలగించిన వర్గంలో 21 శాతం కాగా లేజర్ వర్గంలో 61 శాతం. నెలనెలా చుక్కలు కొనలేని కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు.

సంవత్సరాలు గడిచే కొద్దీ

తగ్గిన పీడనం శాశ్వతంగా అదే స్థాయిలో ఉండిపోదు. కొందరిలో అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది, మరికొందరిలో క్రమంగా కొంత పెరుగుతుంది. నీటికాసుల వ్యాధి ముందు నుండి ఉన్నవారిలో శుక్లం తీయడం ఆ వ్యాధిని నయం చేయదు. చుక్కల సంఖ్య తగ్గవచ్చు, కొందరికి కొంతకాలం అవసరం లేకపోవచ్చు, అయితే పరీక్షలు మాత్రం జీవితాంతం కొనసాగవలసినదే. “ఆపరేషన్ అయిపోయింది, ఇక నీటికాసుల చుక్కలు అక్కర లేదు” అని రోగి తనంతట తాను మానివేయడం చాలా ప్రమాదకరం.

కటకంపై తెల్లని పొట్టు వంటి పదార్థం పేరుకునే లక్షణం కొందరు వృద్ధులలో కనిపిస్తుంది. వీరిలో శస్త్రచికిత్స వెంటనే పీడనం బాగా తగ్గినప్పటికీ, ఆ పదార్థం మళ్ళీ చేరడం వలన కాలక్రమంలో పెరిగే అవకాశం ఉన్నది. కటకాన్ని పట్టి ఉంచే దారాలు కూడా వీరిలో బలహీనంగా ఉంటాయి కనుక శస్త్రచికిత్సలోను, ఆ తరువాతను ప్రత్యేక జాగ్రత్త అవసరం. శస్త్రచికిత్సలో కటకపు సంచి చిట్లిన వారు, కృత్రిమ కటకాన్ని రంగుపొర ముందు అమర్చిన వారు కూడా దీర్ఘకాల పరిశీలనలో ఉండవలసిన వారే.

శస్త్రచికిత్స అయిన కొన్ని నెలలకో, ఏళ్ళకో కృత్రిమ కటకం వెనుక పొర మసకబారవచ్చు. దీనినే ప్రజలు “శుక్లం మళ్ళీ పెరిగింది” అంటారు. తీసివేసిన శుక్లం మళ్ళీ పెరగదు. ఆ పొరను లేజర్‌తో తెరిస్తే నిమిషాలలో సమస్య తీరుతుంది. అయితే లేజర్ తరువాత కొన్ని గంటలపాటు పీడనం పెరిగే అవకాశం ఉన్నందున, ఇంటికి పంపే ముందు కొలవడం, అవసరమైతే చుక్కలు వేయడం మంచి పద్ధతి.

గణాంకాలు చెబుతున్నది

1976లో ప్రారంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం శుక్లాలపైనే ప్రధానంగా దృష్టి కేంద్రీకరించింది. ప్రపంచ బ్యాంకు సహాయంతో 1994 నుండి 2002 వరకు ఏడు రాష్ట్రాలలో అమలైన ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 1 కోటి 10 లక్షల శస్త్రచికిత్సలు లక్ష్యం కాగా 1 కోటి 53 లక్షలకు పైగా జరిగాయి. కృత్రిమ కటకం అమర్చే పద్ధతి గ్రామీణ పేదలకు చేరువైనది ఈ కాలంలోనే.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 మధ్య నిర్వహించిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనంలో 10,293 మందిని పరీక్షించారు. కోనసీమకు వసిష్ఠ పాయ ఆవలి ఒడ్డున ఉన్న పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలు కూడా ఇందులో ఉన్నాయి. జనాభాలో 1.84 శాతం మంది అంధత్వంతో బాధపడుతున్నట్లు, అందులో 44 శాతానికి శుక్లాలు, 8.2 శాతానికి నీటికాసుల వ్యాధి కారణమని తేలింది. అనగా నాడు ప్రతి 12 మంది అంధులలో ఒకరి చూపును హరించినది పీడనంతో ముడిపడిన ఈ వ్యాధి. నీటికాసుల వ్యాధి ఉన్నవారిలో అత్యధికులకు తమకు ఆ వ్యాధి ఉన్నట్లు అంతకు ముందు తెలియదు.

2015–19లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం 50 ఏళ్ళు పైబడిన వారిలో అంధత్వం 1.99 శాతంగా ఉన్నది. అందులో 66.2 శాతానికి చికిత్స చేయని శుక్లం, 7.2 శాతానికి శుక్లాల శస్త్రచికిత్సలో తలెత్తిన సమస్యలు, 5.5 శాతానికి నీటికాసుల వ్యాధి కారణాలు. శస్త్రచికిత్సల సంఖ్య పెంచడంతోపాటు వాటి నాణ్యతను, తదుపరి పరిశీలనను పెంచవలసిన ఆవశ్యకతను ఈ అంకెలు తెలుపుతున్నాయి.

కోనసీమ పరిస్థితులు

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, బంగాళాఖాతం అంచున ఉన్న కోనసీమలో పీడన పరీక్షల కొనసాగింపునకు కొన్ని ప్రత్యేకమైన అవరోధాలు ఉన్నాయి. లంక గ్రామాల వారికి ఆసుపత్రి ప్రయాణం పడవతోనో, పంటుతోనో ముడిపడి ఉంటుంది. సఖినేటిపల్లి నుండి నరసాపురానికి, ముక్తేశ్వరం నుండి కోటిపల్లికి రేవు దాటి వైద్యానికి వెళ్ళే వారు ఉన్నారు. జూలై నుండి సెప్టెంబరు వరకు వరదల కాలంలో ఈ రాకపోకలు స్తంభిస్తాయి. 2022 జూలై వరదలలో అనేక లంక గ్రామాలు రోజుల తరబడి జలదిగ్బంధంలో ఉన్నాయి. జూన్, జూలై నెలలలో శస్త్రచికిత్స జరిగిన వారికి స్టెరాయిడ్ చుక్కల వలన పీడనం పెరిగే రెండు నుండి ఆరు వారాల వ్యవధి సరిగ్గా వరదల కాలంలో పడుతుంది. అటువంటి వారికి తదుపరి పరీక్ష తేదీని, మందు ఆపవలసిన తేదీని ముందుగానే స్పష్టంగా రాసి ఇవ్వడం అవసరం.

ఉపాధి కోసం హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు వెళ్ళిన వారి తల్లిదండ్రులు ఇళ్ళలో ఒంటరిగా ఉండటం ఈ ప్రాంతంలో సర్వసాధారణం. శస్త్రచికిత్స రోజున ఎవరో ఒకరు తోడు వస్తారు. ఆరు వారాల తరువాతి పరీక్షకు తోడు వచ్చేవారు ఉండరు. చుక్కలు సరిగా వేయడానికి కూడా మరొకరి సహాయం కావలసిన వయసు వారిది. ఆశా కార్యకర్తలు, గ్రామ ఆరోగ్య సిబ్బంది ఇంటింటి సందర్శనలో ఈ వృద్ధులను ప్రత్యేకంగా గుర్తించగలిగితే ఎంతో మేలు జరుగుతుంది.

అధికారులు, సిబ్బంది గమనించవలసిన అంశాలు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రుల పరిధిలోను, స్వచ్ఛంద సంస్థల శిబిరాలలోను ఈ కింది అంశాలు పాటించదగినవి:

1. శిబిరంలో శుక్లం ఉన్నదని గుర్తించిన ప్రతి వ్యక్తికి శస్త్రచికిత్సకు ముందు రెండు కళ్ళ పీడనం కొలిచి నమోదు చేయాలి. దృష్టినాడి కనిపించనంతగా శుక్లం ముదిరి ఉంటే, శస్త్రచికిత్స తరువాత నాడిని తప్పక పరీక్షించాలి.

2. విడుదల పత్రంలో చూపుతోపాటు పీడనం అంకె, కొలిచిన తేదీ, స్టెరాయిడ్ చుక్కలు ఆపవలసిన తేదీ తెలుగులో రాయాలి.

3. అద్దాల నిర్ధారణకు వచ్చే నాలుగు నుండి ఆరు వారాల పరీక్షలోనే పీడనం కూడా కొలవాలి. రోగి రెండు పనులకు రెండు సార్లు రానవసరం ఉండదు.

4. మూడు నెలలు, ఆపై ఏడాదికొకసారి పీడన పరీక్ష జరగాలి. నీటికాసుల వ్యాధి ఉన్నవారికి వైద్యులు సూచించినంత తరచుగా జరగాలి.

5. ఉబ్బసం, గుండె వేగం మందగించడం వంటి సమస్యలు ఉన్నవారికి పీడనం తగ్గించే చుక్కలలో కొన్ని సరిపడవు. ఈ వివరాలు ముందుగానే అడిగి రాసుకోవాలి.

6. నీటికాసుల వ్యాధి బయటపడిన వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, 40 ఏళ్ళు దాటిన పిల్లలను పరీక్షకు పిలవాలి. రక్తసంబంధీకులకు ఈ వ్యాధి వచ్చే అవకాశం ఇతరుల కంటె అధికం.

వీటిలో ఏ ఒక్కటీ ఖరీదైన పరికరాలతో కూడుకున్నది కాదు. పీడనం కొలిచే యంత్రం, శిక్షణ పొందిన నేత్ర సహాయ సిబ్బంది, ఒక నమోదు పుస్తకం ఉంటే సరిపోతుంది. ఒక శిబిరం విజయాన్ని ఆ రోజు జరిగిన శస్త్రచికిత్సల సంఖ్యతో కొలవడం సులువు. ఏడాది తరువాత వారిలో ఎందరి కళ్ళ పీడనం అదుపులో ఉన్నదన్న లెక్క కష్టమైనప్పటికీ, చూపు నిలిచిందా లేదా అన్నది తెలిపేది ఆ లెక్క మాత్రమే.

పత్రికల పాత్ర

శుక్లాల శస్త్రచికిత్సకు సంబంధించిన వార్తలలో రెండు విషయాలను వేరుపరచి రాయడం అవసరం. శుక్లం తీస్తే కంటి పీడనం తగ్గుతుందన్నది నిజం. శుక్లం తీస్తే నీటికాసుల వ్యాధి నయమవుతుందన్నది నిజం కాదు. మొదటి మాటను రెండవ మాటగా ప్రచురిస్తే, చదివినవారు మందులు మానివేసే ప్రమాదం ఉన్నది. అదేవిధంగా, శస్త్రచికిత్స తరువాత ఒక రోజు పీడనం పెరగడం చాలావరకు తాత్కాలికమైనది. దానిని వైఫల్యంగా చిత్రిస్తే చికిత్స అవసరమైనవారు భయపడి వెనుకంజ వేస్తారు. మార్చి నెలలో జరిగే ప్రపంచ గ్లకోమా వారం, అక్టోబరు రెండవ గురువారం నాటి ప్రపంచ దృష్టి దినోత్సవం ఈ అవగాహనను ప్రజలకు చేరవేయడానికి తగిన సందర్భాలు.

శుక్లానికి మందులతో చికిత్స లేదు, శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. ఆ శస్త్రచికిత్స సురక్షితమైనది, అత్యధికులకు మేలు చేసేది, పీడనం విషయంలోనూ దీర్ఘకాలంలో అనుకూలమైనది. అయితే తొలి రోజున, తొలి ఆరు వారాలలో, ఆపై ఏడాదికి ఒకసారి పీడనాన్ని కొలిపించుకున్నప్పుడే ఆ మేలు నిలుస్తుంది. శస్త్రచికిత్స చేయించుకున్న వారు, వారి కుటుంబ సభ్యులు తమ విడుదల పత్రాన్ని భద్రపరచుకుని, అందులో పీడనం అంకె ఉన్నదో లేదో చూసుకుని, లేని పక్షంలో సమీపంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం.